పద్దెనిమిది గంటల లెక్క

రెండు సంచికలు రాలేదు. పాఠక మిత్రులు ఫోన్లు చేశారు, ఉత్తరాలు రాశారు, గోదావరిఖని చౌరస్తాలో కనబడ్డ చోటల్లా నిలదీశారు. పైసల్లేకనా? పోలీసులేమన్న అన్నరా? మీలో మీకు పంచాయితీ అయిందా? దళిత పత్రిక ఆగితే జనానికి యాదికొచ్చే కారణాలు ఈ మూడే. ఈసారి మూడూ కాదు. పత్రికను మోసే తమ్ముడు పడిపోయాడు.

పేరు రాయం. ఓపెన్‌కాస్టులో ఒక కాంట్రాక్టర్ కింద పని. నైట్ షిఫ్టు దిగి పొద్దున ఏడున్నరకు ఇంటికొస్తాడు. స్నానం చేసి, ఇంత తిని తొమ్మిదికల్లా లైబ్రరీలో ఉంటాడు. గ్రూప్స్ కు చదువుతున్నాడు. సాయంత్రం మా ఆఫీసు. ఆఫీసంటే ఒక రేకుల గది. అక్కడ పేజీలు కంపోజ్ చేసుడు, ప్రూఫులు దిద్దుడు, కట్టలు కట్టుడు, పోస్టుకు పోవుడు, అన్నీ ఆయనే. ఆదివారం వాడలో పదో తరగతి పిల్లలకు లెక్కలు. నిద్ర ఎప్పుడు పోతున్నవు తమ్మీ అని మాలో ఒక్కరూ అడగలేదు. అడగకపోగా సభల్లో ఆయన్ని నిలబెట్టి చూపించి, "చూసి నేర్చుకోండి" అని చప్పట్లు కొట్టించాం. ఒకరోజు లైబ్రరీ మెట్ల మీద కూలబడిపోయాడు. ఇరవై తొమ్మిదేళ్లకే బీపీ. డాక్టర్ అడిగితే చెప్పాడట: రెండు నెలల నుంచి రోజుకు మూడు గంటల నిద్ర కూడా లేదని.

చూడబోయాం. పండ్లు తీసుకపోయాం. పిల్లగాడు మా మొహం చూడలేదు. చాలాసేపటికి అన్నాడు: "చదివింది బుర్రల నిలుస్తలేదన్నా. అదే పేజీ పదిసార్లు తిప్పుతున్న. మీటింగంటె కోపమొస్తున్నది. మన జనాన్ని చూస్తెనే చీదరైతున్నది. ఎందుకు చేస్తున్ననో తెల్వకుంటైంది." మా దగ్గర జవాబు లేదు. బయటికొస్తుంటే వాళ్లమ్మ గుమ్మం దాకా వచ్చి నెమ్మదిగా అడిగింది. "నిద్రపోవద్దని మీ అంబేద్కర్ సారు ఏడన్న రాసిండా బిడ్డా?"

ఈ సంపాదకీయం ఆ తల్లికి రాస్తున్న జవాబు. మా తప్పు ఒప్పుకోవడం కూడా.

ప్రతి ఏప్రిల్ 14న మేము ఏం చెప్తాం? బాబాసాహెబ్ రోజుకు పద్దెనిమిది గంటలు చదివిండు, మీరెన్ని గంటలు చదువుతున్నరు అని పిల్లల్ని నిలదీస్తాం. ఆయన కష్టం అబద్ధం కాదు. లండన్లో బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయం తలుపులు తీసినప్పటి నుంచి మూసేదాకా కూచున్నాడు, అర్ధాకలితో కూచున్నాడు. కానీ ఎందుకు కూచున్నాడో చెప్పం. బరోడా స్కాలర్‌షిప్పు గడువు తీరి 1917లో చదువు మధ్యలో వదిలేసి తిరిగి రావాల్సి వచ్చింది. బొంబాయిలో ప్రొఫెసర్ పని చేసి కూడబెట్టుకున్న పైసలు, కొల్హాపూర్ సాహూ మహరాజ్ సాయం పట్టుకుని 1920లో మళ్లీ పోయాడు. ఆ పైసలెన్నాళ్లు ఆగుతాయి? ఉన్న గడువులో ఎంఎస్సీ, డిఎస్సీ, బారిస్టరు మూడూ పూర్తి చేయాలి. ఆ పద్దెనిమిది గంటలు పేదరికం ఆయన మీద వేసిన శిస్తు. మేము ఆ శిస్తును ఆదర్శం చేసి పిల్లల నెత్తిన పెట్టాం.

ఇంకోటి కూడా చెప్పం. రాజ్యాంగ ముసాయిదా సంఘంలో ఏడుగురు సభ్యులు. 1948 నవంబర్ 5న టి.టి.కృష్ణమాచారి రాజ్యాంగ సభలోనే నిలబడి ఆ ఏడుగురి సంగతీ చెప్పాడు. ఒకరు రాజీనామా చేశారు, ఒకరు చనిపోయారు, ఒకరు అమెరికాలో ఉన్నారు, ఒకరికి సంస్థానాల వ్యవహారాలు, ఒకరిద్దరు ఆరోగ్యం బాగాలేక ఢిల్లీకి దూరం. చివరికి బరువంతా అంబేద్కర్ మీద పడిందని ఆయన మాటల సారం. ఈ సంగతి మనం గర్వంగా చెప్పుకుంటాం, ఒక్కడే రాశాడని. గర్వం సరే. ఏడుగురి పని ఒక్క మనిషి మీద పడటం అన్యాయమని మాత్రం మనకు తోచదు. అప్పటికే ఆయనకు షుగరు, కాళ్లలో నరాల నొప్పులు, నిద్ర పట్టకపోవడం. అదే 1948లో ఏప్రిల్ 15న పెళ్లి చేసుకున్నది ఒక డాక్టర్ ను. 1956 అక్టోబర్ 14న నాగపూర్లో దీక్ష తీసుకుని, ఎనిమిది వారాలు నిండకముందే డిసెంబర్ 6న నిద్రలోనే పోయాడు. అరవై అయిదేళ్లు. బుద్ధుని మీద రాసిన పుస్తకం అచ్చులో చూసుకోలేదు, అది 1957లో వచ్చింది. ఇంకో పదేళ్లు ఆయన బతికుంటే మన రాజకీయం ఎట్లుండేది? ఈ ప్రశ్న వేసుకోకుండా పద్దెనిమిది గంటల గురించి మాట్లాడే హక్కు మనకు లేదు.

మరి ఆయన ఇతరుల కోసం ఏం అడిగాడు? 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చూశాడు. 1943 డిసెంబర్లో ఝరియా, రాణీగంజ్ బొగ్గు గనులకు పోయి, బావిలోకి దిగి చూశాడు. కార్మికుల ఇండ్లు చూశాడు. మరుసటి ఏడాదే, 1944లో, బొగ్గుగని కార్మికుల సంక్షేమ నిధికి ఆర్డినెన్సు వచ్చింది. ఆయన కాలంలోనే 1945లో ఫ్యాక్టరీ కార్మికులకు జీతంతో కూడిన సెలవుల చట్టం వచ్చింది. 1946లో వారానికి 54 గంటల పనిని 48 గంటలకు తగ్గించే చట్టం వచ్చింది. తను పద్దెనిమిది గంటలు చేసిన మనిషి కార్మికునికి ఎనిమిది గంటలు చాలన్నాడు. సెలవు ఇవ్వండి, ఆ సెలవుకు జీతం ఇవ్వండి అన్నాడు. మా సభల్లో ఈ రెండో అంబేద్కర్ కనబడడు. తల్లీ, నిద్రపోవద్దని ఆయన ఎక్కడా రాయలేదు. నిద్రపోయే గంటలు చట్టంలో రాయించడానికి కొట్లాడాడు.

మన తాతల కాలంలో వెట్టికి గంటలు లేవు. దొర పిలిస్తే అర్ధరాత్రి అయినా లేచి పోవాలి. కరీంనగర్ పల్లెల నుంచి మాలలు, మాదిగలు బొగ్గుబాయిలకు ఎందుకు ఉరికొచ్చిండ్రు? పైసల కోసం ఒక్కదానికే కాదు. బాయిల సైరన్ మోగితే పని అయిపోయినట్టు. మూడు గంటలకు మొదటి షిఫ్టు దిగితే తర్వాతి పొద్దు తనదే. దొర పిలుపు వినబడని పొద్దు! దొరకు దండం పెట్టని సాయంత్రం మన జాతికి మొదటిసారి దొరికింది ఈ బొగ్గు బెల్టులోనే. ఆ సాయంత్రాల్లోనే సంఘాలు పుట్టాయి, పాటలు పుట్టాయి, పిల్లల చదువులు పుట్టాయి. అలసిపోని ఒక్క గంట ఎంత ఖరీదైనదో మన ముసలోళ్లకు తెలుసు. మనం మర్చిపోయాం.

1952 గనుల చట్టం చదివినోళ్లకు ఒక లెక్క యాదికుంటది. భూమి కింద పని చేసినోనికి రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించొద్దని, వారంలో ఒకరోజు విశ్రాంతి అని రాసింది. ఏడాది జీతపు సెలవుకు అర్హత రావాలంటే పైన పని చేసేవాడు 240 మస్టర్లు చేయాలని, బాయిల దిగేవాడు 190 చేస్తే చాలని ఆ చట్టంలో ఉండేది. అంటే ఏంది? భూమి కింద 190 రోజులు మనిషిని ఎంత అరగదీస్తాయో, పైన 240 రోజులు అంత అరగదీస్తాయని చట్టమే ఒప్పుకుంది. మనిషి అరుగుతాడని లెక్కలేసి రాసింది. ఆ లెక్క మనం మన మీద వేసుకోం. బాయిల 190, పైన 240 అయితే, నైట్ షిఫ్టు చేసి, గ్రూప్స్ చదివి, పత్రిక నడిపి, వాడ పిల్లలకు పాఠం చెప్పేటోనికి ఎన్ని?

నైట్ షిఫ్టోని పగటి నిద్ర సంగతి బయటోళ్లకు తెల్వదు. రామగుండం మే నెల, రేకుల ఇల్లు, నలభై అయిదు డిగ్రీలు. కన్ను అంటుకుందో లేదో ఓపెన్‌కాస్టు బ్లాస్టింగ్. గిన్నెలు కదుల్తయి, పసిపిల్ల లేస్తది. ఇక ఎవడో పెళ్లి పత్రిక పట్టుకుని వస్తడు. ఆ మనిషే మళ్లీ రాత్రి పదకొండింటికి డంపర్ల మధ్య నిలబడాలి. పర్మినెంటు కార్మికునికి కనీసం క్వార్టరుంది, ఆస్పత్రుంది, నాగా పెడితే అడిగే యూనియనుంది. తొంభయ్యో దశకం మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా ఉన్న పర్మినెంటు కార్మికులు ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. మిగిలిన పని కాంట్రాక్టు మీద నడుస్తోంది. కాంట్రాక్టు కింద ఎక్కువ ఎవరి పిల్లలో వేరే చెప్పాలా? రాకుంటే ఆ రోజు కూలి పోతుంది. ఇట్లాంటోనికి పోయి విశ్రాంతి తీసుకో తమ్మీ అని ఉత్త మాట చెప్తే అది ఎక్కిరింతే అవుతుంది. అది మాకు తెలుసు.

ఈ బెల్టులో ఇంకో ఘోరం ఉంది. వారసత్వ ఉద్యోగాలు మళ్లీ ఇస్తామని 2016లో అన్నారు, 2017లో హైకోర్టు కొట్టేసింది. 2018 నుంచి కారుణ్య నియామకాలు. తండ్రి మెడికల్ బోర్డు ముందు అన్‌ఫిట్ అయితే కొడుకుకు పని. ఆలోచించండి. కొడుకు నౌకరీకి అర్హత తండ్రి చెడిపోయిన పానం! తండ్రికి ఊపిరాడకపోతే ఇంట్లో ఒకరికి బాధ, ఇంకొకరికి ఆశ. అయ్యకు నడుము బాగైందని డాక్టర్ చెప్తే కొడుకు మొహం మాడిపోవడం మేం కళ్లారా చూశాం. ఆ కొడుకు దుర్మార్గుడు కాడు. అరిగిపోవడమే ఆస్తిగా పంచిపెట్టే చోట పిల్లలు ఇంకేం నేర్చుకుంటరు?

పోనీ, బాయి వద్దు, చదివి బయటపడతాం అన్నోళ్ల గతి చూద్దాం. 2022 సెప్టెంబర్ 4న సింగరేణిలో 177 జూనియర్ అసిస్టెంట్ పోస్టులకు పరీక్ష పెడితే దరఖాస్తులు దాదాపు లక్ష. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబర్ 16న రాశారు, పేపర్ లీకై రద్దు. 2023 జూన్ 11న మళ్లీ రాశారు, హైకోర్టు రద్దు చేసింది. 2024 జూన్ 9న మూడోసారి రాశారు. ఒకే పరీక్ష మూడుసార్లు! మొదటిసారి రాసినప్పుడు ఇరవై ఆరేళ్లున్నోనికి మూడోసారికి ఇరవై ఏడు దాటింది. హైదరాబాద్ అశోక్‌నగర్లో గది కిరాయికి అమ్మ పుస్తెలు కుదువబెట్టినోళ్లు మనోళ్లే. ఇంత జరిగినా పిల్లగాడు ఎవర్ని తిట్టుకుంటున్నాడు? కమిషన్ను కాదు, లీకు చేసినోన్ని కాదు, తన్ను తానే. "నేనే సరిగ చదువలేదన్నా" అంటున్నాడు. వ్యవస్థ తప్పును పిల్లలు తమ బద్ధకంగా రాసుకుంటున్నారు. ఈ అలసట వెనుక ఉన్న అసలు రోగం ఇదే అని మా నమ్మకం.

ఎందుకంటే బద్ధకస్తులన్న ముద్ర మనకు పుట్టుకతోనే పడింది. పొద్దంతా పొలంలో వంగి ఉన్నోన్ని సోమరి అన్నది ఎవరు? అరుగు మీద కూచున్నోడు. ఇప్పుడు ఆ అరుగే మెరిట్ అయింది. కోటా గాడని క్లాసులో ఒక్కడు అంటే చాలు, ఆ మాట పిల్లగాని నెత్తిన ఎక్కి కూచుంటది. వాళ్లు పది గంటలు చదివితే నేను పదిహేను చదవాలి, వాళ్లకు జరమొస్తే పడుకుంటరు, నాకు జరమొస్తే సాకు అంటరు. మేమూ అట్లనే బతికాం గనక దాని రుచి తెలుసు. రెండింతలు పనిచేసి చూపించినా అరుగు మీదోడు ఒప్పుకోడు. వాడు ఒప్పుకోవడం మన గమ్యం కాదు గదా!

నల్లజాతి అన్నల దగ్గర ఈ మాట మీద పెద్ద పరిశోధనే ఉంది. అమెరికాలో జాన్ హెన్రీ అని ఒక కార్మికుని కథ జనం పాడుకుంటారు. రైలు సొరంగంలో సుత్తితో కొండరాయి తొలిచేవాడు. ఆవిరి యంత్రం తెచ్చి మనుషుల్ని తీసేస్తామంటే, యంత్రంతో పోటీకి దిగాడు. గెలిచాడు. సుత్తి చేతిలో ఉండగానే కూలి చచ్చిపోయాడు. షెర్మన్ జేమ్స్ అనే నల్లజాతి పరిశోధకుడు నార్త్ కరోలినాలో ఒక రైతును కలిశాడు. ఆయన పేరూ జాన్ హెన్రీయే, జాన్ హెన్రీ మార్టిన్. రెండో తరగతి చదువు. తెల్ల భూస్వామి కింద పాలుకిచ్చిన భూమి దున్ని, అప్పుల నుంచి బయటపడి, రాత్రింబవళ్లు చేసి నలభై ఏళ్లకు 75 ఎకరాలకు ఆసామి అయ్యాడు. యాభైల్లోకి వచ్చేసరికి బీపీ, కీళ్లనొప్పులు, కడుపులో పుండ్లు. జేమ్స్ 1980లలో దీనికి 'జాన్ హెన్రీయిజం' అని పేరు పెట్టి రాశాడు. చేతిలో పైసా, వెనుక అండ లేనోళ్లు పట్టుదలతో ఎంత గట్టిగా కొట్లాడితే వాళ్ల రక్తపోటు అంత పెరుగుతున్నట్టు ఆయన చూశాడు. పట్టుదల చెడ్డదని చెప్పలేదు. అండ లేని పట్టుదల ఒంటిని తింటుందన్నాడు. మా తమ్ముడు ఆస్పత్రి మంచం మీద ఉంటే మాకు ఆ 75 ఎకరాల జాన్ హెన్రీ మార్టిన్ కనబడ్డాడు.

ఉద్యమాల్లో పనిచేసేటోళ్లకు ఇది ఎక్కువని కూడా కొత్త సంగతి కాదు. 1974లో ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మానసిక శాస్త్రవేత్త 'బర్నవుట్' గురించి రాసింది న్యూయార్కులో పేదల ఉచిత దవాఖానలో జీతం లేకుండా పనిచేసే కార్యకర్తల్ని చూసే. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాని గుర్తులు మూడు చెప్పింది. ఒంట్లో సత్తువ అయిపోవుడు, చేసే పని మీద విరక్తి పుట్టుడు, చేసింది ఫలితమియ్యకపోవుడు. సంస్థ దాన్ని రోగం అనలేదు, పనిచోట తీరని ఒత్తిడి నుంచి పుట్టేది అంది. మా తమ్ముడు మంచం మీద చెప్పిన నాలుగు ముక్కల్లో ఈ మూడూ ఉన్నాయి. "మన జనాన్ని చూస్తె చీదరైతున్నది" అన్నప్పుడు మాలో ఒకాయనకు కోపమొచ్చింది, ఉద్యమ ద్రోహం అన్నాడు. జరమొచ్చినోని ఒళ్లు కాలుతుంటే అది ద్రోహమా?

ఆడబిడ్డల సంగతి ఇంకా రాయలేదు. రాయాలంటే సిగ్గైతున్నది. బాబాసాహెబ్ లండన్లో చదువుకుంటుంటే బొంబాయిలో ఇల్లు మోసింది రమాబాయి. అయిదుగురు బిడ్డల్లో నలుగుర్ని మట్టిలో పెట్టి, 1935 మే 27న ఆమె కూడా పోయింది. ఆమె ఎన్ని గంటలు పనిచేసిందో ఏ ఏప్రిల్ 14న ఎవరూ లెక్క చెప్పలేదు. మన కాలనీల్లో మూడు షిఫ్టులు మగోళ్లవి. మొదటి షిఫ్టుకు టిఫిన్ కట్టాలని నాలుగింటికి లేచేది, రెండో షిఫ్టోడు వచ్చేదాకా అర్ధరాత్రి మేల్కొనేది, నైట్ షిఫ్టోడు పండుకుంటే పిల్లల నోరు మూసి కూచునేది ఒక్కతే. అన్ని షిఫ్టులూ ఆమెవే, మస్టరు లేదు. మా పత్రిక సమావేశాలకు ఆడవాళ్లు రావట్లేదని పోయినేడు ఇదే పేజీలో బాధపడ్డాం. సాయంత్రం ఆరున్నరకు మీటింగ్ పెట్టింది మేమే.

మగోళ్ల విశ్రాంతి ఏంది? షిఫ్టు దిగితే బ్రాండీ షాపు. దాని గురించి ఇప్పటికే చాలా రాశాం. ఒక్క మాట మాత్రం. తాగి పడిపోవడం నిద్ర కాదు.

బుద్ధుని దగ్గర సోణుడని ఒక భిక్షువు ఉండేవాడు. ధనవంతుల బిడ్డ, ఇంట్లో వీణ వాయించేవాడు. సాధన పట్టి, పాదాలు పగిలి నెత్తురు కారేదాకా నడిచాడు. అయినా ఏమీ దొరకలేదని విసిగి ఇంటికి పోదామనుకున్నాడు. బుద్ధుడు ఆయన్ని వీణ గురించే అడిగాడు, తీగ మరీ బిగిస్తే పలుకుతుందా, మరీ వదులు చేస్తే పలుకుతుందా అని. మనకు వీణ ఎందుకు, డప్పుంది. డప్పు కాపకుంటే మోగదు. కానీ మంట మీదనే ఉంచితే తోలు పగుల్తది. ఎప్పుడు మంట మీది నుంచి తియ్యాలో మాదిగ పెద్దమనిషికి చేతి వేళ్లకే తెలుసు. పిల్లల్ని కాపడం నేర్చుకున్నాం గానీ, తియ్యడం నేర్చుకోలేదు. సోణునికి, మనకు ఒక తేడా ఉంది. ఆయనకు విసుగొస్తే తిరిగి పోవడానికి ధనవంతుల ఇల్లుంది. మన పిల్లగానికి వెనక్కిపోతే కాంట్రాక్టరే ఉన్నడు. అందుకే మనోని తోలు పగలకుండా చూసుకునే బాధ్యత వానిది ఒక్కనిదే కాదు, సంఘానిది.

పోటీ పరీక్షలు చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లకు మా అనుభవంతో చెప్తున్నం. నైట్ షిఫ్టు వారం పుస్తకం ముట్టకండి, ముట్టినా ఒక్క గంట. చదువు మొదటి షిఫ్టు వారానికి పెట్టుకోండి. నిద్ర తగ్గించి చదివిన మూడు గంటలు పరీక్షలో యాదికి రావు. ఒక పరీక్ష అయినంక పదిహేను రోజులు ఊరికి పొండి, అమ్మమ్మ దగ్గర పండుకోండి, సినిమా చూడండి, ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. ఎన్నేండ్లు రాస్తమో, ఎన్నిసార్లు రాస్తమో ముందే ఇంట్లో కూచుని గీత గీసుకోండి. గీత దాటితే వేరే దారి వెతుకుడు ఓటమి కాదు. పదిమంది కలిసి చదివితే పుస్తకాలు కొనుడు, నోట్సు రాసుడు పంచుకోవచ్చు, ఒకడు డల్లైతే ఇంకొకడు గుర్తుపడతడు. ఇక బతుకు మీద విరక్తి వచ్చిందనుకోండి, ఆ రాత్రికి ఒంటరిగా ఉండకండి, మాలో ఎవరి తలుపైనా కొట్టండి. 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, పైసలు తీసుకోరు. దాన్ని వాడుకున్నోళ్లు మాలోనే ఉన్నారు.

చెప్పడం తేలిక గనక మేం చేస్తున్నది కూడా రాస్తున్నం. ఇంతకాలం తమ్ముడు ఒక్కడు చేసిన పనిని నలుగురం పంచుకున్నం. అప్పుడు తెలిసింది, అది నలుగురి పనే అని! పేజీల కంపోజింగ్ ఒకరు, ప్రూఫులు ఇద్దరు, పోస్టు ఒకరు. రిటైరైన కార్మికులు ఇద్దరు వచ్చి కట్టలు కట్టుడు మా పని అన్నరు. పేజీలు ఇరవై నాలుగు నుంచి పదహారుకు తగ్గాయి, చందా తగ్గించలేదు, క్షమించండి. సమావేశాలు ఇకనుంచి ఆదివారం పొద్దున పదకొండుకు, ఒక్క గంట, పిల్లల్ని పట్టుకుని వచ్చేటోళ్లకు పక్క గది ఉంది. వంట ఆ పూట మగోళ్లు చేస్తరు. ఎవరైనా వరుసగా మూడు నెలలు పనిచేస్తే నాలుగో నెల వాళ్లను మేము పిలవం, వాళ్లు రావద్దు. వచ్చే ఏప్రిల్ 14 సభలో పద్దెనిమిది గంటల ఉపన్యాసం ఉండదు. ఆ చోట 1946 చట్టం గురించి ఒక రిటైర్డ్ ఓవర్‌మన్ మాట్లాడతాడు.

వాడలో లెక్కల ట్యూషన్ ఈ నెలంతా లేదు. పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు మన్నించాలి. లెక్కలు చెప్పగలిగినోళ్లు ఎవరన్నా వారానికి ఒక్క గంట ఇయ్యగలిగితే రేకుల గదికి వచ్చి పేరు రాయించుకోండి. ఒక్క గంటే. రెండు గంటలిస్తామంటే రాసుకోం.

తమ్ముడు ఇంట్లోనే ఉన్నాడు. చూడబోవాలనుకునే మిత్రులు సాయంత్రం అయిదు తర్వాత పొండి. పగలు పండుకుంటున్నాడని వాళ్లమ్మ చెప్పమన్నది.

జై భీమ్.